మద్రాసు నక్షత్రశాల కథ – 4: గ్రహణం బందరుకు వచ్చిన రోజు

జరిగిన కథ: ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ 1786లో మద్రాసు ఎగ్మూరులో సొంత ఖర్చుతో చిన్న నక్షత్రశాల పెట్టుకున్నాడు. స్వదేశానికి వెళ్లేటప్పుడు పరికరాలను కంపెనీకి అప్పగించాడు. సముద్ర తీరాన్ని కొలవడానికి వచ్చిన మైకేల్ టాపింగ్ 1792లో నుంగంబాకంలో దానికి పక్కా భవనం కట్టాడు. పది టన్నుల రాతిస్తంభం నిలిపి, దాని మీద పరికరం బిగించి, తెలుగుతో సహా పలు భాషల్లో శాసనం చెక్కించాడు. నాలుగేళ్లకే బందరులో జ్వరంతో పోయాడు. ఆ తరువాత గోల్డింగ్‌హామ్, వారెన్ పనిచేశారు. వారి వెనుక వచ్చిన టేలర్ 11,015 నక్షత్రాల స్థానాలతో 1844లో పట్టిక వెలువరించాడు. ఇక చదవండి.

కొత్త దొర, పాత అప్పు

1861లో నార్మన్ పోగ్సన్ నుంగంబాకం చేరేసరికి ఖగోళ లోకానికి ఆయన పేరు తెలుసు. నక్షత్రాల కాంతిని తరగతులుగా విడదీసే అలవాటు గ్రీకుల కాలం నుంచీ ఉంది. బాగా మెరిసేవి ఒకటో తరగతి, కంటికి ఆనీ ఆననివి ఆరో తరగతి. రెండింటి మధ్య తేడా ఎంతో మాత్రం ఎవరికి తోచినట్టు వారు చెప్పేవారు. ఒకటో తరగతికీ ఆరో తరగతికీ కాంతిలో సరిగ్గా నూరు రెట్ల తేడా అని లెక్క కట్టుకుందామని 1856లో పోగ్సన్ ప్రతిపాదించాడు. అంటే ఒక్కో మెట్టుకు 2.512 రెట్లు. ఈనాటికీ ప్రపంచంలో ఏ నక్షత్రశాల అయినా వాడేది ఆ కొలమానాన్నే.

ఆయన మద్రాసు వచ్చిన కొత్తలోనే, 1861 ఏప్రిల్‌లో, ఒక కొత్త గ్రహశకలం దొరికింది. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం అదే కాబట్టి దానికి ‘ఆసియా’ అనే పేరు పెట్టారు. ఆ తరువాత సాఫో, సిల్వియా, కమిల్లా, వెరా కూడా మద్రాసు నుంచే దొరికాయి. వీటిలో సిల్వియా చుట్టూ రెండు బుల్లి చందమామలు తిరుగుతున్నాయని శాస్త్రవేత్తలు 2005లో ప్రకటించారు. అలా రెండేసి ఉపగ్రహాలున్నట్టు తేలిన తొలి గ్రహశకలం అదే.

ఇవన్నీ పేరు తెచ్చే పనులు. జీతం ఇచ్చేది మాత్రం వేరే పనికి. ఏ నక్షత్రం ఎక్కడుందో కచ్చితంగా కొలవాలి, దాని ఆధారంగా సమయం చెప్పాలి. ఓడలకు ఆ సమయం కావాలి, దేశమంతా కొలుస్తున్న సర్వే వాళ్లకు కావాలి, రైళ్లు వచ్చాక రైళ్లకూ కావాలి. దేశపటాల మీది రేఖాంశాలకు మద్రాసు నక్షత్రశాలే ఆధారం. 1906 జనవరి 1న, మన కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖను పట్టుకుని భారత ప్రామాణిక సమయం అమలులోకి వచ్చే వరకు, దేశంలో చాలా రైళ్లు మద్రాసు టైముకే నడిచాయి.

రాత్రి బడి

ఆ సమయాన్ని పట్టుకునే పరికరం పేరు మెరిడియన్ సర్కిల్. ట్రౌటన్ అండ్ సిమ్స్ కంపెనీ చేసిన కొత్త మెరిడియన్ సర్కిల్ పోగ్సన్ వచ్చిన మరుసటి ఏడాది పనిలోకి దిగింది. దీన్ని మామూలు దుర్భిణిలా ఎటు కావాలంటే అటు తిప్పడం కుదరదు. రెండు రాతి దిమ్మెల మధ్య బిగించి ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. నక్షత్రం వెంట మనం పోనక్కర్లేదు. అది నడినెత్తి గీత దాటే వేళకు మనం సిద్ధంగా ఉంటే చాలు.

కంటి దగ్గర అద్దంలో నిలువుగా కొన్ని దారాలు కనిపిస్తాయి. అంత సన్నటి దారం మనిషి చేతికి సాధ్యం కాదు గనుక సాలీడు దారాలే వాడేవారు. పక్కన గడియారం టిక్ టిక్ మంటుంటుంది. పరిశీలకుడు చెవితో క్షణాలు లెక్కపెడుతూ, కంటితో నక్షత్రాన్ని చూస్తూ, అది ఒక్కో దారాన్నీ ఎప్పుడు దాటిందో క్షణంలో పదో వంతు వరకు అంచనా వేసి రాసుకోవాలి. అది అయ్యాక లేచి, పక్కనున్న ఇత్తడి చక్రం మీది గీతలను సూక్ష్మదర్శినితో చదివి, నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో గుర్తించాలి. గాలి వేడినీ ఒత్తిడినీ కూడా నమోదు చేయాలి. గాలి పొరలు నక్షత్రాన్ని ఉన్నచోటు కంటే కాస్త పైన చూపిస్తాయి కాబట్టి ఆ తేడా తీసేయాలి. ఇంతా చేస్తే ఒక నక్షత్రానికి ఒక పరిశీలన. ఆకాశం తేటగా ఉన్నంతసేపు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. తెల్లవారాక లెక్కలు.

ఈ చాకిరీలో సింహభాగం భారతీయ సహాయకులది. వారిలో మొదటివాడు చింతామణి రఘునాథాచారి. 1867లో రెటిక్యులమ్ అనే దక్షిణాకాశపు రాశిలో ఒక నక్షత్రం కాంతి తగ్గుతూ పెరుగుతూ ఉందని ఆయన గుర్తించాడు. ఆధునిక కాలంలో ఒక చరతార కనిపెట్టిన తొలి భారతీయుడిగా ఆయన పేరు నిలిచింది. ఆ నక్షత్రాన్ని ఇవాళ ‘ఆర్ రెటిక్యులి’ అంటున్నారు. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ గౌరవం దక్కిన మొదటి భారతీయుడు కూడా ఆయనే.

మెరిడియన్ సర్కిల్‌తో పాతికేళ్లలో 5,303 నక్షత్రాల స్థానాలు తేలాయి. కానీ అవన్నీ పుస్తకాల్లోనే ఉండిపోయాయి. లెక్కలు తేల్చడానికీ అచ్చుకు సిద్ధం చేయడానికీ చాలినంత మంది లేరు. పోగ్సన్‌కు యూరోపియన్ సహాయకుణ్ణి ఇవ్వలేదు. కొత్త పరిశీలనలు ఆపి పాతవి అచ్చు వేయమంటే ఆయనకు మనసొప్పలేదు. ఇంగ్లండులోని ఖగోళ పెద్దలతో ఆయనకు సత్సంబంధాలు కూడా అంతంత మాత్రమే. 1887 ప్రాంతానికి గాని తొలి సంపుటం బయటకు రాలేదు. ఈ ఆలస్యం ఆయన్ను ఎంత దెబ్బ తీసిందో తెలియాలంటే బందరు వెళ్లాలి.

పోలాల అమావాస్య నాడు

1868 ఆగస్టు 18, మంగళవారం. విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య. తెలుగు ఇళ్లలో పోలాల అమావాస్య. ఆ ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ పడమటి తీరం నుంచి వచ్చి, దక్కన్ మీదుగా నిజాం రాజ్యం దాటి, గుంటూరు, బందరు మీదుగా బంగాళాఖాతంలో దిగి సయాం దేశం వైపు పోయింది. గ్రహణం పట్టు ఐదు నిమిషాలు దాటి నిలిచింది. సంపూర్ణ గ్రహణాల్లో అది పెద్ద వ్యవధే.

యూరప్ శాస్త్రవేత్తలు ఇంత దూరం రావడానికి వ్యవధి ఒక్కటే కారణం కాదు. అంతకు తొమ్మిదేళ్ల క్రితం జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ ఒక సంగతి తేల్చారు. ప్రతి మూలకమూ వేడెక్కితే తనకే చెందిన రంగు గీతలు చూపిస్తుంది. వెలుగును పట్టకం గుండా పంపి ఆ గీతలు చదివితే ఎంత దూరాన ఉన్న వస్తువులో ఏమున్నదీ చెప్పవచ్చు. సంపూర్ణ గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు లేస్తూ కనిపిస్తాయి. అవి చంద్రుడివి కావు, సూర్యుడివే అని 1860 గ్రహణం నాటి ఫొటోలు నిరూపించాయి. మరి అవి దేనితో చేసినవి? వర్ణపటదర్శిని చేతికొచ్చాక, ఆ ప్రశ్న అడగడానికి అదను ఇచ్చిన పెద్ద గ్రహణం ఇదే.

వానాకాలం కావడంతో పడమటి కనుమల వైపు మబ్బుల భయం ఎక్కువ. కృష్ణా తీరం కొంత నయం. అందుకే గుంటూరులో రెండు బృందాలు దిగాయి. మొదటిది మేజర్ టెనంట్‌ది. ఆయన అంతకు ముందు కొంతకాలం మద్రాసు నక్షత్రశాల బాధ్యతలు చూసినవాడే. దుర్భిణికి కెమెరా తగిలించి సంపూర్ణ గ్రహణాన్ని ఫొటోలు తీయించాడు. సూర్యబింబం అంచున కొమ్ములా లేచిన ఒక పెద్ద జ్వాల వాటిలో పడింది. ‘గ్రేట్ హార్న్’ అని దానికి పేరొచ్చింది. రెండోది ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్‌ది. ఆయన ఊళ్లోని ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో మకాం పెట్టాడు.

పోగ్సన్ తన బృందంతో బందరు చేరాడు. రఘునాథాచారి ఆధ్వర్యంలో మరో బృందాన్ని నిజాం రాజ్యంలోని వనపర్తికి పంపాడు. దొర పక్కన నిలబడి చేతికందించే పని కాదది. స్థలం ఎంచుకోవడం, పరికరాలు మోయించడం, నిలబెట్టడం, సమయం తేల్చడం, చూసింది రాయడం – అన్నింటికీ బాధ్యత ఆచారిదే. ఒక భారతీయుడి నాయకత్వంలో గ్రహణ పరిశీలన బృందం బయలుదేరడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

పసుపు గీత

గ్రహణం పట్టింది. బందరులో పోగ్సన్, గుంటూరులో టెనంట్, జాన్సెన్ తమ పట్టకాలను జ్వాలల వైపు తిప్పారు. అందరికీ చీకటి మీద మెరిసే గీతలే కనిపించాయి. అంటే జ్వాలలు ఘన పదార్థం కాదు, వేడి వాయువులు. ప్రధానంగా హైడ్రోజన్. దశాబ్దాల సందేహం ఆ ఉదయం తీరిపోయింది.

హైడ్రోజన్ గీతలతో పాటు పసుపు రంగులో ఇంకొకటి కూడా ఉంది. పసుపు గీత అనగానే అందరికీ తట్టేది సోడియం. వంటింట్లో మంట మీద ఉప్పు చల్లితే కనిపించే రంగు అదే. చాలామంది సోడియమే అనుకుని ఊరుకున్నారు. పోగ్సన్ మాత్రం అది సోడియం గీత స్థానంలోనో, దానికి దగ్గరలోనో ఉందని రాసుకున్నాడు. ‘దగ్గరలో’ అన్న ఆ ఒక్క సందేహంలోనే ఒక కొత్త మూలకం దాగి ఉంది.

కానీ ఆయన నివేదికను మద్రాసు ప్రభుత్వం అచ్చు వేయించి కొద్ది ప్రతులు పంచింది. యూరప్‌లో నలుగురూ చదివే శాస్త్ర పత్రికలకు అది ఎక్కలేదు. ఆ ఏడాది అక్టోబరులో నార్మన్ లాకయర్ ఇంగ్లండులో సూర్యుడి అంచును పరిశీలించి, పసుపు గీత సోడియం గీతలతో కలవడం లేదని పట్టుకున్నాడు. అప్పటికి భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదు. ఆ తెలియని మూలకానికి సూర్యుడి గ్రీకు పేరు మీదుగా ‘హీలియం’ అనే పేరు స్థిరపడింది. అలాంటి మూలకమే లేదని చాలామంది కొట్టిపారేశారు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును బయటకు తీసే దాకా ఆ వాదన నడుస్తూనే ఉంది.

కాకినాడ నుంచి ఒక ఉత్తరం

హీలియం కథలో మన వాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: జాన్సెన్ గుంటూరులో హీలియం కనిపెట్టాడని. అది నిజం కాదు. జాన్సెన్ గుంటూరు నుంచి కొత్త మూలకాన్ని ప్రకటించలేదు. ఆయన గుంటూరులో సాధించింది వేరు, ఒక రకంగా అంతకంటే పెద్దది.

గ్రహణ సమయంలో జ్వాలల గీతలు అంత ప్రకాశంగా కనిపించేసరికి ఆయనకు ఒక ఆలోచన తట్టింది. ఇంత మెరుస్తున్నవాటిని చూడటానికి గ్రహణం దేనికి? మామూలు రోజున జ్వాలలు కనబడకపోవడానికి కారణం సూర్యుడి చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగు. పట్టకం ఆ వెలుగును అన్ని రంగుల్లోకీ పరిచి పలచన చేస్తుంది. జ్వాల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లోనే పోగై ఉంటుంది కాబట్టి పలచబడదు. పాలలో ఎన్ని నీళ్లు పోసినా నూనె చుక్క తేలినట్టు, అది పైకి కనబడుతుంది.

ఆ రోజు గ్రహణం విడిచాక మబ్బులు కమ్మాయి. మర్నాటి ఉదయం, ఆగస్టు 19న, జాన్సెన్ వర్ణపటదర్శిని చీలికను సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. గీతలు కనిపించాయి. గ్రహణం లేదు, చీకటి లేదు, అయినా సూర్యుడి జ్వాలలు కళ్ల ముందున్నాయి. తరువాత చాలా రోజులు అలా చూస్తూనే ఉన్నాడు. జ్వాలల ఆకారాలు ఎలా మారుతున్నాయో గుర్తులు రాసుకున్నాడు. సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ అకాడమీకి ఉత్తరం రాశాడు.

ఓడ మీద ఆ ఉత్తరం పారిస్ చేరేసరికి అక్టోబరు నెలాఖరైంది. ఇంతలో లాకయర్ కూడా, గుంటూరు సంగతి తెలియకుండానే, అదే పద్ధతి సాధించాడు. ఇద్దరి ఉత్తరాలూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకు వచ్చాయి. ఎవరు ముందు అన్న తగవు పెట్టుకోకుండా ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం కొట్టించింది.

జాన్సెన్ కాకినాడ నుంచి ఒక ఉత్తరం రాశాడు, చరిత్రకెక్కాడు. పోగ్సన్ బందరులో చూశాడు, రాసుకున్నాడు, కొద్ది ప్రతులకు పరిమితమయ్యాడు. నక్షత్రశాలలో చూపు సగం పని, అచ్చు మిగతా సగం. రెండో సగం మద్రాసుకు ఎప్పుడూ కలిసి రాలేదు.

పంచాంగం మీద దాడి

అచ్చు విలువ తెలిసినవాడు నక్షత్రశాలలో ఒకడున్నాడు, రఘునాథాచారి. ఆయన శ్రద్ధ లండన్ పత్రికల మీద కంటే ఇక్కడి జనం మీద ఎక్కువ. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటింది. ఒకసారి జంటగా వచ్చాయంటే మళ్లీ వందేళ్లు దాటితే గాని రాని ఘటన. దాని గురించి ఆచారి ముందే ఒక చిన్న పుస్తకం వేశాడు. ఇంగ్లీషుకే వదిలేయకుండా దేశభాషల్లోకీ తెచ్చాడు. సిద్ధాంతం చదువుకున్న పండితుడికి కొత్త ఖగోళం అర్థమయ్యేలా సంభాషణ పద్ధతిలో రాశాడు.

పాత పంచాంగాల లెక్కలు ఆకాశంతో సరిపోవడం లేదని ఆయన గట్టిగా చెప్పాడు. సూత్రాలు రాసిన కాలానికి సరిపోయినవి శతాబ్దాలు గడిచేసరికి తేడా చూపిస్తాయి. అందుకని కంటితో చూసినదానికి సరిపడేలా దృగ్గణిత పంచాంగం ప్రకటించాడు. పండగ ఏ రోజు, ఏకాదశి ఎప్పుడు అని మన ఇళ్లలో ఈనాటికీ ‘దృక్’ పక్షానికీ పూర్వ పద్ధతి పక్షానికీ మధ్య నడిచే వాదం పాతికేళ్లది కాదు, నూట యాభై ఏళ్లది. ఆ వాదంలో నక్షత్రశాల పక్షాన మొదట నిలబడినవారిలో ఆచారి ఒకరు. 1880 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు.

కూతురి దరఖాస్తు

నక్షత్రశాల హాజరుపట్టీలో ఇంకో పేరుంది. ఐసిస్ పోగ్సన్. పోగ్సన్ పెద్ద కూతురు. 1856లో ఆక్స్‌ఫర్డులో ఆయన కనిపెట్టిన గ్రహశకలానికి పెట్టిన పేరు కూడా ఆమెదే. 1873లో నక్షత్రశాలలో సహాయకురాలిగా చేరి పాతికేళ్లు పనిచేసింది. మద్రాసు ప్రభుత్వానికి వాతావరణ వివరాలు అందించే బాధ్యత కూడా చూసింది.

1886లో తండ్రి ఆమెను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వానికి ప్రతిపాదించాడు. సొసైటీ నిబంధనలు పురుషుల గురించే మాట్లాడుతున్నాయని న్యాయవాదులు అడ్డం చెప్పడంతో ప్రతిపాదన వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 1920లో గాని ఆమెకు సభ్యత్వం రాలేదు. రఘునాథాచారి ముందు 1872లో తెరుచుకున్న తలుపు, ఆయనతో ఒకే కప్పు కింద పనిచేసిన ఇంగ్లీషు మహిళ ముందు నలభై ఎనిమిదేళ్లు ఆలస్యంగా తెరుచుకుంది.

కరువు చూపిన కొండ

1876–78లో ధాత కరువు వచ్చింది. దక్షిణాదిన లక్షల మంది చనిపోయారు. వానలు ఎందుకు తప్పాయన్న విచారణలో సూర్యుడి మచ్చలకూ రుతుపవనాలకూ సంబంధం ఉందేమోనన్న ఆలోచన బలపడింది. అలాగైతే సూర్యుణ్ణి రోజూ గమనించాలి. సముద్రపు తేమ, ఉక్క నిండిన మద్రాసు దానికి పనికిరాదు. ఎత్తైన కొండ కావాలి. పోగ్సన్ కూడా కొండ మీద పెద్ద దుర్భిణి కావాలని అడుగుతూనే ఉన్నాడు. మిచీ స్మిత్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు నీలగిరులూ పళని కొండలూ తిరిగి, ఆకాశం ఎక్కడ తేటగా ఉందో పరిశీలించి కొడైకెనాల్ ఎంపిక చేశాడు.

1891లో పోగ్సన్ మద్రాసులోనే మరణించాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన పోగుచేసిన నక్షత్ర స్థానాలను అచ్చుకెక్కించే పని ముగించింది మిచీ స్మిత్. వచ్చినవాడు ముందు చేసిన పని పోయినవాడి బాకీ తీర్చడం.

ఇక తీర్పు చెప్పుకుందాం. వానకూ సూర్యుడి మచ్చలకూ ముడిపెట్టాలన్న ఆశ నెరవేరలేదు. మచ్చలు చూసి రుతుపవనాన్ని చెప్పే విద్య ఎవరికీ పట్టుబడలేదు. కానీ ఆ ఆశతో పెట్టిన నక్షత్రశాల మాత్రం నిలబడింది. గుంటూరు విషయంలోనూ అంతే. లేని ఘనతను తగిలించుకోవడం కంటే ఉన్నదాన్ని సరిగ్గా చెప్పుకోవడం మేలు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు హీలియం గుంటూరులో దొరికిందని చెప్పకండి. గ్రహణం కోసం ఎదురుచూడకుండా సూర్యుడి జ్వాలలను ఏ రోజైనా చూడవచ్చని మనిషి మొదటిసారి రుజువు చేసింది గుంటూరులో అని చెప్పండి. పోగ్సన్ బందరు పేరూ, ఆచారి వనపర్తి పేరూ అదే పాఠంలో చేర్చండి.

కొడైకెనాల్‌లో 1895లో మద్రాసు గవర్నరు లార్డ్ వెన్‌లాక్ శంకుస్థాపన చేశాడు. 1899 ఏప్రిల్ 1న నక్షత్రశాల మద్రాసు ప్రభుత్వం చేతి నుంచి భారత ప్రభుత్వం చేతికి మారింది. ఖగోళ పని కొండెక్కింది. మద్రాసు నక్షత్రశాల దేశపు నక్షత్రశాల అయింది ఆ రోజు నుంచే.

(వచ్చే సంచికలో: సూర్యుడి మచ్చల్లో ఎవర్‌షెడ్ కనిపెట్టిన కదలిక, కొడైకెనాల్ తొలి భారతీయ సంచాలకుడు అప్పడవేదుల లక్ష్మీనారాయణ, హైదరాబాదు నిజామియా నక్షత్రశాల నీడన పెరిగిన వైను బాపు)